బోబ్లింగెన్ జిల్లాకు కొత్తగా వచ్చే తెలుగువారికి

"స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం వచ్చింది, ఏ పేటలో ఇల్లు చూసుకోమంటారు?" అని నన్ను అడిగేవారి ఉద్యోగ ఒప్పందం తెప్పించుకుని చదివితే, సగం సార్లు అందులో పనిచేసే చోటు సిండెల్ఫింగెన్ అనో, బోబ్లింగెన్ అనో, రెన్నింగెన్ అనో, వైసాఖ్ అనో ఉంటుంది. ఇవేవీ స్టుట్‌గార్ట్ కావు. నగరానికి నైరుతిన, పడమరన ఆనుకుని ఉన్న బోబ్లింగెన్ జిల్లాలోని ఊళ్లు ఇవి. చెట్టు పేరు చెప్పి కాయలమ్మినట్టు కంపెనీలవారూ, ఇళ్ల దళారులూ, చివరికి మనవాళ్లూ అన్నిటినీ స్టుట్‌గార్ట్ అనే అంటారు. మాటల్లో అలా అనుకుంటే నష్టం లేదు గానీ, కాగితాల దగ్గరికి వచ్చేసరికి మీ వీసా పొడిగింపు, డ్రైవింగ్ లైసెన్సు, కారు నంబరు, చెత్తబుట్ట అన్నీ మీ ఇల్లు ఏ జిల్లా హద్దులో ఉందన్నదాన్ని బట్టే నడుస్తాయి. కనుక ఇల్లు వెతకడానికి ముందు ఈ జిల్లా ఏమిటో, ఈ హద్దులు ఎలా ఏర్పడ్డాయో ఒకసారి తెలుసుకోవడం మంచిదని నా అభిప్రాయం. పంతొమ్మిదేళ్లుగా ఈ జిల్లాలోనే కాపురముంటున్నవాడిగా నాకు తెలిసింది చెబుతాను.

ముందు పరిమాణం సంగతి. జర్మనీ మొత్తంలో 294 గ్రామీణ జిల్లాలున్నాయి, వీటినే లాండ్‌క్రైస్ అంటారు. బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో అవి 35. స్టుట్‌గార్ట్ వంటి 9 నగరాలు ఏ జిల్లాలోనూ చేరకుండా తమకు తామే ఒక జిల్లాగా ఉంటాయి. బోబ్లింగెన్ జిల్లా విస్తీర్ణం సుమారు 618 చదరపు కిలోమీటర్లు, జనాభా నాలుగు లక్షలకు కొంచెం తక్కువ. అంటే మన లెక్కలో ఒక రెవెన్యూ డివిజన్ కన్నా చిన్నది. ఇంత చిన్న చోటులో 26 స్థానిక సంస్థలున్నాయి, వాటిలో 9 పట్టణాలు. ఆ తొమ్మిదిలో బోబ్లింగెన్, సిండెల్ఫింగెన్, లియోన్‌బెర్గ్, హెర్రెన్‌బెర్గ్ అనే నాలుగింటికి "పెద్ద జిల్లా పట్టణం" అనే హోదా ఉంది. ఇరవై వేల జనాభా దాటిన ఊరు కోరితే రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే హోదా ఇది. ఇది గౌరవం కోసం తగిలించుకున్న బిరుదు మాత్రమే కాదు, దీని వల్ల మీరు ఏ కార్యాలయం మెట్లెక్కాలో మారిపోతుంది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

పేర్లన్నీ "ఇంగెన్"తో ముగియడం చూసి కొత్తవారు తికమకపడతారు. బోబ్లింగెన్, సిండెల్ఫింగెన్, రెన్నింగెన్, ఎనింగెన్, గెర్ట్రింగెన్, నుఫ్రింగెన్ అని వరుసగా వినిపిస్తే నేనూ మొదటి నెలలో రెండుసార్లు తప్పు స్టేషన్లో దిగాను. మనకు పల్లి, పాడు, వాడ ఎలాగో వీరికి ఇంగెన్ అలాగ. రోమన్ల సరిహద్దు చెదిరిన తర్వాత ఈ నేలకు వచ్చి స్థిరపడ్డ అలమన్ని తెగలవారు ఒక కుటుంబ పెద్ద పేరు మీద "ఫలానావారి మనుషులు" అనే అర్థంలో పెట్టుకున్న పేర్లివి. బోబ్లింగెన్ అంటే బోబిలో అనేవాడి జనం ఉన్న చోటు. ఇంగెన్ అని ముగిసే ఊళ్లు దగ్గరదగ్గరగా కనిపిస్తే అక్కడి నేల దున్నడానికి అనువైనదని, అందుకే వలస వచ్చినవారు మొట్టమొదట అక్కడే ఆగారని పటం చూసి చెప్పవచ్చు.

నేల విషయానికి వస్తే ఈ జిల్లాను మూడు తీరులుగా చూడాలి. హెర్రెన్‌బెర్గ్ చుట్టూ ఉన్నది గోయ్ అనే మెరక మైదానం. గాలికి కొట్టుకువచ్చి పేరుకున్న మెత్తని లోయెస్ మట్టి వల్ల అది ధాన్యానికి పేరుపడ్డ భూమి. వాయవ్యాన వైల్ డెర్ స్టాట్ వైపు వెళితే నేల సున్నపురాతి మీద పలుచబడుతుంది. పొలంలోని రాళ్లను ఏరి గట్ల మీద కుప్పపోయగా ఆ రాళ్ల మీద ముళ్లపొదలు పెరిగి కంచెలయ్యాయి, అందుకే ఆ భాగానికి హెకెన్‌గోయ్ అని, అంటే పొదల గోయ్ అని పేరు. మన రాయలసీమలో రాళ్లు ఏరి గట్లు వేసిన చేలు చూసినవారికి ఆ దృశ్యం కొత్తగా అనిపించదు. ఆగ్నేయాన ఉన్నది షోన్‌బుఖ్ అడవి. 1972లో ఈ రాష్ట్రంలో మొట్టమొదటి ప్రకృతి ఉద్యానంగా ప్రకటించింది దీన్నే, ట్యూబింగెన్ వరకూ వ్యాపించిన ఈ అడవి మధ్యలో చెప్పుకోదగ్గ ఊరేదీ లేదు. హెర్రెన్‌బెర్గ్ పక్కన కొండ మీద 2018లో కట్టిన చెక్క బురుజు ఎక్కితే, ఒకవైపు ఈ అడవీ, మరోవైపు గోయ్ పొలాలూ, పడమటి అంచున బ్లాక్ ఫారెస్ట్ కొండల గీతా ఒకేసారి కనిపిస్తాయి. జిల్లా భౌగోళికం అర్థం కావాలంటే పటం కన్నా అదే మేలు. నదులు చిన్నవే. షోన్‌బుఖ్ అంచున పుట్టిన వ్యుర్మ్ ఎనింగెన్, వైల్ డెర్ స్టాట్ మీదుగా ఉత్తరానికి పోయి నాగోల్డ్ నదిలో కలుస్తుంది. హెర్రెన్‌బెర్గ్ దగ్గర పుట్టిన అమ్మెర్ మాత్రం ట్యూబింగెన్ వైపు దిగిపోతుంది. చివరికి నీళ్లన్నీ నెకర్ నదికే చేరతాయి.

ఇంత మంచి నేల ఉండి కూడా ఈ ప్రాంతం చాలాకాలం పేదగానే ఉండిపోయిందంటే కొత్తవారు నమ్మరు, ఎందుకంటే నేడు వారి కళ్లకు కనిపించేది కార్ల కార్ఖానాలు. వ్యుర్టెంబెర్గ్‌లో ఆస్తిని పిల్లలందరికీ సమానంగా పంచే ఆచారం ఉండేది, ఆడపిల్లలతో సహా. ఉత్తర జర్మనీలో చాలాచోట్ల పెద్దవాడికో చిన్నవాడికో పొలమంతా ఒకరికే దక్కేది. పంచుతూ పోతే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు: ఎకరాలు కుంటలవుతాయి, కుంటలు గట్లవుతాయి. ఆ ముక్క మీద బతకలేక ఇక్కడి రైతు ఒకపక్క పొలం చేసుకుంటూనే మరోపక్క మగ్గం పట్టాడు. సిండెల్ఫింగెన్ నేతపనికి పేరుపడ్డది అందుకే, ఆ పాత మగ్గాలను నేటికీ ఊళ్లోని నేత సంగ్రహాలయంలో చూడవచ్చు. చేతిపనిలో నేర్పు ఉండి, ఉన్న చోటు వదిలి పోలేని కూలీలు సమృద్ధిగా దొరికే చోటుకు కార్ఖానాలు వచ్చాయి. 1915లో డైమ్లర్ సంస్థ సిండెల్ఫింగెన్‌లో యుద్ధ విమానాల కోసం కార్ఖానా పెట్టింది. యుద్ధం ముగిశాక అదే కార్ల పైభాగాలు తయారుచేసే కేంద్రమై, పెరిగి పెరిగి ఇప్పటి మెర్సిడెస్ కర్మాగారమయింది. 1920లు, 30లలో విమానాశ్రయం కూడా ఇక్కడే ఉండేది. 1925లో బోబ్లింగెన్‌లో తెరిచిన రాష్ట్ర విమానాశ్రయం, ఎఖ్టెర్‌డింగెన్‌లో ఇప్పటి విమానాశ్రయం వచ్చేదాకా నడిచింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికన్ సైన్యం వాడుకున్న ఆ మైదానమే ఇప్పుడు బోబ్లింగెన్‌కు సిండెల్ఫింగెన్‌కు మధ్య ఫ్లుగ్‌ఫెల్డ్ అనే కొత్త పేట. కొత్త అపార్టుమెంట్ల కోసం మనవాళ్లు ఎక్కువగా వెతికేది అక్కడే కనుక ఆ పేరుకు "ఎగురు మైదానం" అన్న అర్థం ఎందుకు వచ్చిందో తెలిసి ఉండటం బాగుంటుంది. సాఫ్ట్‌వేర్ వైపు చూస్తే, ఐబీఎం ప్రయోగశాల 1953లో బోబ్లింగెన్‌లో మొదలయింది. హ్యూలెట్ పాకార్డ్ అమెరికా వెలుపల తన తొలి ఉత్పత్తి కేంద్రాన్ని 1959లో ఇక్కడే తెరిచింది. పోర్షే పరిశోధన కేంద్రం వైసాఖ్‌లో, బాష్ పరిశోధన కేంద్రం 2015 నుంచి రెన్నింగెన్‌లో ఉన్నాయి. హైదరాబాదు, బెంగళూరుల నుంచి మన ఇంజనీర్లు ఈ జిల్లాకు వస్తున్న దారి ఇదే.

ఇక హద్దుల చరిత్ర. కాగితాల తికమకకు మూలం ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. మధ్యయుగంలో ఈ ఊళ్లలో చాలాభాగం ట్యూబింగెన్ ప్రభువులవి. సిండెల్ఫింగెన్‌ను 1263లో పట్టణంగా నిలబెట్టింది వారే. తరువాత అవి ఒక్కొక్కటిగా వ్యుర్టెంబెర్గ్ ప్రభువుల చేతికి పోయాయి. 1457లో ఆ రాజ్యపు తొలి ప్రజాప్రతినిధుల సభ లియోన్‌బెర్గ్‌లోనే జరిగింది. 1525 మే 12న బోబ్లింగెన్ దగ్గర తిరుగుబాటు రైతుల సేనను ఈ ప్రాంతపు ప్రభువులు, పట్టణాలు కలిసి కట్టిన స్వాబియన్ కూటమి సేనాధిపతి ట్రుక్సెస్ గెయోర్గ్ ఒక్కరోజులో చెల్లాచెదురు చేశాడు. వేలమంది రైతులు చనిపోయారు. ఆ కథ చెప్పే సంగ్రహాలయం బోబ్లింగెన్‌లో పాత ధాన్యపు కొట్టులో ఉంది, రైతులు పన్నుగా కట్టిన పదోవంతు పంటను దాచిన కొట్టు అది! వైల్ డెర్ స్టాట్ సంగతి వేరు. అది ఏ ప్రభువుకూ లోబడకుండా నేరుగా చక్రవర్తికే జవాబుదారీగా ఉన్న స్వతంత్ర పట్టణం. చుట్టూ ప్రొటెస్టెంట్ రాజ్యం ఉండగా అది కాథలిక్ ఊరుగా మిగిలింది. అందుకే నేటికీ ఫిబ్రవరి ప్రాంతంలో ముఖానికి కొయ్య బొమ్మలు తగిలించుకుని వీధుల్లో ఊరేగే పండుగ అక్కడ ఘనంగా జరుగుతుంది, పక్క ఊళ్లలో ఆ జోరు ఉండదు. పిల్లలున్నవారు ఒకసారి తీసుకెళ్లండి. ఖగోళ శాస్త్రవేత్త యోహానెస్ కెప్లర్ 1571 డిసెంబరు 27న పుట్టింది ఆ ఊళ్లోనే. బాల్యం గడిచింది లియోన్‌బెర్గ్‌లో. గ్రహాల నడకకు సూత్రాలు కట్టిన ఆ మనిషి తల్లి కాతరీనాను లియోన్‌బెర్గ్ వారు 1615లో మంత్రగత్తె అని నిందించగా, ఆమె చెరసాల పాలైతే, కొడుకే వచ్చి ఏళ్ల తరబడి వాదించి 1621లో ఆమెను విడిపించుకున్నాడు.

నెపోలియన్ కాలంలో స్వతంత్ర పట్టణాలన్నీ పెద్ద రాజ్యాలలో కలిసిపోగా, వైల్ డెర్ స్టాట్ లియోన్‌బెర్గ్ తాలూకాలో చేరింది. 19వ శతాబ్దమంతా బోబ్లింగెన్, లియోన్‌బెర్గ్, హెర్రెన్‌బెర్గ్ మూడూ మూడు వేర్వేరు తాలూకాలు, వాటిని ఓబెర్‌ఆమ్ట్ అనేవారు. 1938లో హెర్రెన్‌బెర్గ్‌ను రద్దుచేసి అందులో ఎక్కువ భాగాన్ని బోబ్లింగెన్‌లో కలిపారు. 1973 జనవరి 1న రాష్ట్రంలోని 63 జిల్లాలను 35కు కుదించినప్పుడు లియోన్‌బెర్గ్ జిల్లా కూడా మాయమై దాని పెద్ద భాగం బోబ్లింగెన్‌కు వచ్చింది. మనవైపు 2016లో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. మనం విడదీసి అధికారిని ప్రజలకు దగ్గర చేస్తున్నామంటే, వారు కలిపి ఖర్చు తగ్గిస్తున్నామన్నారు. కానీ జిల్లా కేంద్రం పోయిన ఊరి బాధ ఎక్కడైనా ఒకటే. లియోన్‌బెర్గ్ వారు నలభై ఏళ్లు కార్ల నంబరు పలకల మీద బోబ్లింగెన్ వారి "బీబీ" అక్షరాలతో తిరిగి, 2013లో పాత అక్షరాలు వాడుకోవచ్చన్న సడలింపు రాగానే "ఎల్ఈఓ" పలకల కోసం బారులు తీరారు. మీరు కారు కొన్నప్పుడు ఈ రెండింటిలో ఏది కావాలని అడుగుతారు. చట్టరీత్యా తేడా ఏమీ లేదు. లియోన్‌బెర్గ్‌లో ఇల్లు తీసుకుని బీబీ పలక పెట్టుకుంటే మాత్రం పక్కింటి పెద్దాయన ఒక మాట అనకమానడు, నన్ను అన్నారు.

ఇప్పుడు అసలు విషయం: జిల్లా కార్యాలయం ఏం చేస్తుంది? దాన్ని లాండ్రాట్సామ్ట్ అంటారు, ప్రధాన భవనం బోబ్లింగెన్‌లో ఉంది. మన కలెక్టరేటునూ జిల్లా పరిషత్తునూ ఒకే కప్పు కిందికి తెచ్చి, రెండింటికీ ఒకే మనిషిని పెద్దగా కూర్చోబెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఒక చేత్తో రాష్ట్ర ప్రభుత్వం తరఫున చట్టం అమలు చేస్తుంది, మరో చేత్తో జిల్లా ప్రజల తరఫున ఆసుపత్రులు, వృత్తి విద్యా పాఠశాలలు, బస్సులు, చెత్త సేకరణ చూస్తుంది. లాండ్రాట్ అనే ఆ పెద్దను పైనుంచి ఎవరూ నియమించరు, బదిలీ చేయరు. ప్రజలు ఐదేళ్లకోసారి ఎన్నుకునే జిల్లా సభ ఆయనను ఎనిమిదేళ్లకు ఎన్నుకుంటుంది. సభ ఎన్నికలలో ఐరోపా సమాఖ్య పౌరులకు ఓటుంది, భారత పౌరులకు లేదు.

ఇంటికి మారిన రెండు వారాలలో పేరు నమోదు చేయించుకోవలసింది మాత్రం జిల్లాలో కాదు, మీ ఊరి పురపాలక కార్యాలయంలో. ఇంటి యజమాని సంతకం పెట్టిన ధ్రువపత్రం లేనిదే అక్కడ పని జరగదు, అది ఒప్పందంతోపాటే అడిగి తీసుకోండి. నివాస అనుమతి, అంటే బ్లూ కార్డు వంటివి, పైన చెప్పిన నాలుగు పెద్ద పట్టణాలలో ఉండేవారికి ఆ పట్టణపు విదేశీయుల విభాగమే ఇస్తుంది. మిగతా ఊళ్లవారికి సాధారణంగా జిల్లా కార్యాలయం ఇస్తుంది. కొన్ని చిన్న ఊళ్లు పక్క పట్టణంతో పరిపాలన పంచుకుంటాయి కనుక పేరు నమోదు చేయించుకున్న రోజే "నా అనుమతి ఎవరు చూస్తారు?" అని అడిగేయండి. నేను అలా అడగక, సహోద్యోగి ఒకరు తన ఊళ్లో వెళ్లిన చోటుకే వెళ్లి, సెలవు పెట్టుకుని మూడు గంటలు కూర్చుని, "మీరు మా పరిధిలో లేరు" అనిపించుకుని తిరిగివచ్చాను. ఆయన ఇంటికీ మా ఇంటికీ మధ్య దూరం నాలుగు కిలోమీటర్లు.

డ్రైవింగ్ లైసెన్సు, కారు నమోదు మాత్రం పట్టణంతో నిమిత్తం లేకుండా అందరికీ జిల్లాదే. భారతదేశపు లైసెన్సు ఇక్కడ నివాసం ఏర్పరచుకున్న నాటి నుంచి ఆరు నెలలు మాత్రమే చెల్లుతుంది. ఆ తర్వాత రాతపరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రెండూ రాసి జర్మన్ లైసెన్సు తీసుకోవాలి. దరఖాస్తు నడవడానికే వారాలు పడుతుంది కనుక నాలుగో నెలలో మొదలుపెడితే ఆలస్యమైనట్టే. వచ్చిన మొదటి నెలలోనే కంటి పరీక్ష, ప్రథమ చికిత్స శిక్షణ పత్రాలు సిద్ధం చేసుకోండి. చెత్త విషయంలో స్టుట్‌గార్ట్ స్నేహితుల సలహా వినకండి, ఏ జిల్లా పద్ధతి ఆ జిల్లాదే. ఏ బుట్ట ఏ రోజు తీస్తారో మీ వీధి పేరుతో జిల్లావారే పట్టిక ఇస్తారు.

డబ్బు ఎటు పోతుందో కూడా ఒక మాట. వ్యాపార పన్ను జిల్లాకు కాదు, ఊరికి చేరుతుంది. అందుకే సిండెల్ఫింగెన్ ఒకప్పుడు ఎంత ధనికంగా ఉండేదంటే వీధి దాటే చారలను రంగుతో కాకుండా ఇటలీ పాలరాతితో వేయించుకుంది, ఇప్పటికీ వాటి మీద నడవవచ్చు. కార్ల అమ్మకాలు పడిపోయిన ఏడాది అదే ఊరు గ్రంథాలయం వేళలు కూడా లెక్క చూసుకోవలసి వస్తుంది. జిల్లా తన ఖర్చుల కోసం ఊళ్ల నుంచి వాటా వసూలు చేస్తుంది కనుక ఒక్క కర్మాగారపు లాభనష్టాలు 26 ఊళ్ల మీదా పడతాయి. పిల్లల సంరక్షణ కేంద్రం రుసుము ఒక ఊళ్లో తక్కువ, పక్క ఊళ్లో ఎక్కువ ఎందుకున్నదో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. ఇల్లు తీసుకునే ముందు ఆ రుసుము కూడా కనుక్కోండి, అద్దెలో మిగిలింది అక్కడ పోవచ్చు.

వలస వచ్చినవారమని ఇక్కడ మనం బెరుకుగా ఉండనక్కరలేదు. 18వ శతాబ్దంలో స్వాబియా (మనం ఉంటున్న ఈ నైరుతి జర్మనీ ప్రాంతమే) వంటి చోట్ల నుంచి డాన్యూబ్ నది వెంట హంగరీ వైపు వెళ్లి స్థిరపడ్డవారి సంతతి, రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అన్నీ పోగొట్టుకుని జర్మనీకి తిరిగివచ్చింది. 1964లో సిండెల్ఫింగెన్ ఆ డాన్యూబ్ స్వాబియన్లకు పోషక నగరంగా నిలిచింది, వారి భవనం నేటికీ అక్కడ ఉంది. ఆ తర్వాత ఇటలీ, టర్కీ, యుగోస్లావియాల నుంచి కార్మికులు వచ్చారు. బలవంతంగా తెచ్చినవారూ ఉన్నారు: లియోన్‌బెర్గ్‌లో 1938లో తెరిచిన ఎంగెల్‌బెర్గ్ సొరంగంలో, 1944 నుంచి 45 వరకూ నిర్బంధ శిబిరపు ఖైదీల చేత యుద్ధ విమానాల రెక్కలు చేయించారు. ఆ పాత సొరంగం ముఖద్వారం దగ్గర చనిపోయినవారి పేర్లతో స్మారకం ఉంది. హైవే మీద కొత్త సొరంగంలోంచి రోజూ ఆఫీసుకు పోయేవారిలో చాలామందికి ఆ సంగతి తెలియదు.

ఇల్లు ఎక్కడ చూడాలన్న మొదటి ప్రశ్నకు నా జవాబు రైలు మార్గాన్ని బట్టి ఉంటుంది. ఎస్1 రైలు స్టుట్‌గార్ట్ నుంచి బోబ్లింగెన్ మీదుగా హెర్రెన్‌బెర్గ్ దాకా, ఎస్6 లియోన్‌బెర్గ్, రెన్నింగెన్‌ల మీదుగా వైల్ డెర్ స్టాట్ దాకా పోతాయి. ఈ రెండు మార్గాలను బోబ్లింగెన్ నుంచి సిండెల్ఫింగెన్, మాగ్‌స్టాట్ మీదుగా రెన్నింగెన్‌కు కలిపేది ఎస్60. భార్యాభర్తలిద్దరికీ వేర్వేరు చోట్ల పని అయితే ఎస్60 మీద ఉన్న ఊరు చూసుకోండి. ఒక్కరే పనిచేస్తూ, అద్దె తగ్గాలి, పిల్లలకు పొలాలూ అడవీ దగ్గరుండాలి అనుకుంటే హెర్రెన్‌బెర్గ్ మంచిది. దూరం నుంచి చూస్తే రెక్కలు ముడుచుకుని కూర్చున్న పెట్టలా కనిపించే దాని చర్చిని ఇక్కడివారు "గోయ్ కోడిపెట్ట" అని ముద్దుగా పిలుచుకుంటారు. ఏ ఊరైనా సరే, ప్రకటనలో 71తో మొదలయ్యే పిన్‌కోడ్ చూసి బోబ్లింగెన్ జిల్లా అనుకోవద్దు. లుడ్విగ్స్‌బుర్గ్, వైబ్లింగెన్‌ల కోడ్లు కూడా 71తోనే మొదలవుతాయి. సంతకం పెట్టే ముందు ఊరి పేరు, జిల్లా పేరు రెండూ యజమానిని నోటితో అడిగి ఖాయం చేసుకోండి.